కొత్త బ్యాటరీ వేసినా రెండు రోజులకే దిగిపోయిన పాత కారు: నా అనుభవం

నాన్న వాడిన కారు ఇది. ఇరవై ఏళ్లు దాటిన పెట్రోల్ బండి. ఇంజన్ ఇప్పటికీ గుండ్రాయిలా ఉంది, బాడీకి అక్కడక్కడా తుప్పు పట్టింది, సీట్లు అరిగిపోయాయి. అమ్మేయమని చెప్పనివాళ్లు లేరు, నాకే మనసొప్పలేదు. అలాంటిది ఒక సోమవారం పొద్దున తాళం తిప్పితే టిక్ మని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంది. డాష్‌బోర్డు లైట్లు మినుకుమినుకుమంటూ ఆరిపోయాయి. శని, ఆదివారాలు బండి బయటికి తీయలేదు, శుక్రవారం రాత్రి పెట్టినప్పుడు ఏ ఇబ్బందీ లేదు. పక్కింటాయన బండి నుంచి జంపర్ కేబుల్స్ వేస్తే వెంటనే స్టార్ట్ అయింది. ఏదో లైటు ఆన్‌లో వదిలేసి ఉంటానులే అనుకుని ఆ సంగతి అక్కడితో వదిలేశాను.

తర్వాతి సోమవారం మళ్లీ అదే. ఈసారి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన బ్యాటరీ మీద తేదీ చూసి, నాలుగేళ్లయింది కదా సార్, దీని పనైపోయింది అన్నాడు. మాట సబబుగానే అనిపించింది. 45 ఆంపియర్ అవర్ (ఎంత కరెంటు ఎన్ని గంటలు ఇవ్వగలదో చెప్పే లెక్క) కొత్త బ్యాటరీ వేయించాను. సెల్ఫ్ కొడితే బండి ఉరికినట్టు స్టార్ట్ అయింది, పది రోజులు రోజూ తిప్పాను, ఒక్క ఇబ్బంది లేదు. ఆ తర్వాత రెండున్నర రోజులు కదపకుండా ఉంచాల్సి వచ్చింది. మూడో రోజు పొద్దున టిక్ మన్న ఆ చప్పుడు మళ్లీ విన్నప్పుడు నిజంగా టెన్షన్ వచ్చింది, ఎందుకంటే ఇప్పుడు నింద వేయడానికి పాత బ్యాటరీ కూడా లేదు.

అప్పటికి నా దగ్గర ఒక స్క్రూడ్రైవర్ సెట్టు, రెండు స్పానర్లు తప్ప ఏమీ లేవు. కరెంటు గురించి బడిలో చదువుకున్నది ఎంతో కొంత గుర్తుంది. ఒక డిజిటల్ మల్టీమీటర్ కొన్నాను. 10 ఆంపియర్ల వరకూ డీసీ కరెంటు కొలవగలదా లేదా అన్నది చూసి మరీ తీసుకున్నాను, చౌకగా దొరికే కొన్ని మీటర్లలో అది ఉండదు. అది లేకపోతే ఈ పనిలో సగం చేయలేం.

మొదట తేల్చుకోవాల్సింది ఒకటే: బ్యాటరీ తనంతట తానే దిగిపోతోందా, లేక బండి దాన్ని తాగేస్తోందా? దీనికి పెద్ద విద్య ఏమీ అక్కర్లేదు. బ్యాటరీని విప్పి ఇంట్లో చార్జర్ పెట్టి రాత్రంతా చార్జ్ చేశాను. తీసిన వెంటనే కొలిస్తే 13 పైన చూపిస్తుంది, అది నమ్మకూడదు, పైపైన నిలిచిన చార్జ్ అది. నాలుగైదు గంటలు పక్కన పెట్టి కొలిస్తే 12.68 వోల్టులు. నిండుగా ఉన్న మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీకి 12.6 పైన రావాలి, 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12.0 దగ్గరికి వచ్చిందంటే పావు వంతే మిగిలినట్టు. అంకెల్లో తేడా ఎంత చిన్నదో చూడండి. 12 వోల్టుల బ్యాటరీలో 12 వోల్టులు ఉన్నాయి కదా అని నేను అంతకుముందు నిశ్చింతగా ఉండేవాణ్ణి, నిజానికి ఆ అంకె దగ్గర బ్యాటరీ దాదాపు ఖాళీ.

బండిలో పెట్టి, నెగటివ్ కేబుల్ మాత్రం తగిలించకుండా రెండు రోజులు వదిలేశాను. మళ్లీ కొలిస్తే 12.66. అంటే బ్యాటరీ శుభ్రంగా ఉంది. తాగుతున్నది బండే. ఈ చిన్న పరీక్ష ముందే చేసి ఉంటే పాత బ్యాటరీ ఎలా ఉందో కూడా తెలిసేది, అది ఇంకో ఏడాది నడిచేదేమో అన్న బాధ ఇప్పటికీ ఉంది.

ఇంజన్ స్టార్ట్ చేసి చార్జింగ్ చూశాను. హెడ్‌లైట్లు, బ్లోవర్ వేసి బ్యాటరీ టెర్మినళ్ల మీద కొలిస్తే 13.6 వచ్చింది. 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలంటారు, కాస్త తక్కువే కానీ మరీ ఘోరంగా ఏమీ లేదు, చాలామంది ఇక్కడ ఆగిపోతారు. నేనూ ఆగిపోయేవాణ్ణే, కానీ పనిలో పనిగా ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ దగ్గరే కొలుద్దామనిపించింది. మన మెకానిక్‌లు చాలామంది డైనమో అనేది దీన్నే. దాని వెనక కరెంటు బయటికొచ్చే లావు బోల్టు, బీ ప్లస్ అంటారు, దాని మీద ఎర్ర పిన్ను, ఆల్టర్నేటర్ ఒంటి మీద నల్ల పిన్ను పెడితే 14.1. అక్కడ తయారైన 14.1 బ్యాటరీ దగ్గరికి వచ్చేసరికి 13.6 ఎలా అయింది? అర వోల్టు దారిలో ఎక్కడో పోతోంది.

కరెంటు వెళ్లే దారి గురించి మనం ఆలోచిస్తాం, తిరిగొచ్చే దారి గురించి ఆలోచించం. కారులో ఆ తిరుగుదారి అంతా బాడీ ఇనుమే, దీన్నే ఎర్త్ అంటారు. బ్యాటరీ నెగటివ్ నుంచి ఒక కేబుల్ బాడీకి బిగిస్తారు, ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి ఇంజన్‌కీ బాడీకీ మధ్య విడిగా ఒక ఎర్త్ పట్టీ ఉంటుంది, జడలా అల్లిన రాగి పట్టీ. దాన్ని కంటితో చూస్తే బాగానే కనబడుతుంది. కంటికి కనబడని తేడాని పట్టుకోవాలంటే కరెంటు పారుతుండగా వోల్టేజీ ఎక్కడ పడిపోతోందో కొలవాలి. నల్ల పిన్ను బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, ఎర్ర పిన్ను ఇంజన్ బ్లాక్ మీద తుప్పు లేని చోట గుచ్చి పెట్టుకుని, మా తమ్ముణ్ణి సెల్ఫ్ కొట్టమన్నాను. రెండూ ఎర్తే కదా, రావాల్సింది సున్నా, మహా అయితే 0.2. వచ్చింది 1.6 వోల్టులు. పన్నెండున్నరలో ఒకటిన్నర పైన ఆ పట్టీ దగ్గరే వేడిగా పోతుంటే ఇక సెల్ఫ్ మోటార్‌కి మిగిలేదెంత!

పట్టీ విప్పి చూస్తే బోల్టు కింద తెల్లగా, పచ్చగా పొడి. జడ లోపలి పోగులు నల్లబడి చేత్తో నలిపితే రాలిపోతున్నాయి. అంత మందం ఉన్న కొత్త పట్టీ వేసి, బాడీ మీద బోల్టు కూర్చునే చోట ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, బిగించాక పైన కొంచెం గ్రీజు పూశాను. మళ్లీ సెల్ఫ్ కొడితే 0.1. బ్యాటరీ దగ్గర చార్జింగ్ 14.0. సెల్ఫ్ తిరిగే చప్పుడే మారిపోయింది, ఆ చప్పుడు మా నాన్న కొత్తలో బండి తీసినప్పటిదిలా అనిపించింది నాకు. ఇండికేటర్ వేసినప్పుడల్లా హెడ్‌లైట్లు సన్నగా అదిరేవి, అదీ పోయింది. రెండేళ్లుగా దాన్ని ముసలి బండి లక్షణమనుకుని సరిపెట్టుకున్నాను.

అయితే ఎర్త్ బాగు చేసినంత మాత్రాన బ్యాటరీ దిగడం ఆగదు. దిగిన బ్యాటరీతో కూడా స్టార్ట్ అయ్యే అవకాశం పెరుగుతుంది, అంతే. అసలు దొంగ ఇంకా లోపలే ఉన్నాడు.

ఆగి ఉన్న బండిలో ఎంత కరెంటు పోతోందో కొలవాలంటే మీటర్‌ని దారి మధ్యలో పెట్టాలి. వోల్టులు కొలిచేటప్పుడు రెండు టెర్మినళ్ల మీద పిన్నులు ఆనిస్తే చాలు, ఆంపియర్లు అలా కాదు, వైరు విప్పి ఆ ఖాళీలో మీటర్‌ని కలపాలి, కరెంటంతా మీటర్ గుండానే పోవాలి. ఎర్ర లీడుని, అంటే పిన్ను ఉండే మీటర్ వైరుని, మీటర్ మీద 10ఏ అని రాసి ఉన్న రంధ్రంలోకి మార్చి, బ్యాటరీ నెగటివ్ కేబుల్ విప్పి, కేబుల్‌కి ఒక లీడు, నెగటివ్ పోస్టుకి ఒక లీడు క్లిప్పులతో పట్టించాను. నెగటివ్ తగిలి ఉండగా పాజిటివ్ వైపు ఎప్పుడూ విప్పొద్దు, స్పానర్ జారి బాడీకి తగిలిందంటే నిప్పులే. ఉంగరం, వాచీ తీసేసి దిగండి.

ఈ కొలతలో మనల్ని తప్పుదారి పట్టించేవి చాలా ఉన్నాయి. తలుపు తెరిచి ఉంటే రూమ్ లైటు వెలుగుతుంది, దాని కరెంటు కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. మరి ఫ్యూజు బాక్సు డ్రైవర్ కాళ్ల దగ్గర ఉంది, తలుపు మూసేస్తే దాన్నెలా అందుకోవడం? తలుపు లాక్ నాలుకని స్క్రూడ్రైవర్‌తో మూసుకున్న స్థితిలోకి తిప్పి, ఫ్రేములో ఉన్న తలుపు స్విచ్‌ని నొక్కి టేపు వేశాను, దాంతో తలుపు తెరిచే ఉన్నా బండి మాత్రం మూసి ఉందనుకుంటుంది. పని అయ్యాక తలుపు వేసేముందు హ్యాండిల్ లాగి ఆ నాలుకని మళ్లీ వెనక్కి తేవడం మర్చిపోవద్దు, లేకపోతే లాక్ పాడవుతుంది. తాళం బండిలోంచి తీసేయాలి. ఇంకోటి, మీటర్ బానెట్ కింద ఉంటే నేను లోపల ఫ్యూజు పీకుతూ అంకె ఎలా చూడాలి? పొడుగు వైర్లు కలిపి మీటర్‌ని అద్దం మీద వైపర్ కింద ఇరికించి, ముఖం లోపలికి తిప్పి పెట్టాను. ఒక్కడే చేసుకునేవాళ్లకి ఈ ఏర్పాటు చాలా పనికొస్తుంది.

కలిపిన వెంటనే మీటర్ 1.8 ఆంపియర్లు చూపించింది. చూసి గుండె జారింది, కానీ అది అసలు అంకె కాదు. బ్యాటరీ విప్పి తగిలిస్తే ఇంజన్ కంప్యూటర్, సెంట్రల్ లాక్, దొంగ తాళంతో బండి స్టార్ట్ కాకుండా ఆపే ఇమ్మొబిలైజర్ అన్నీ ఒక్కసారి నిద్రలేస్తాయి, అవి మళ్లీ పడుకోవడానికి సమయం ఇవ్వాలి. పాత బండి కాబట్టి నాకు ఇరవై నిమిషాలు సరిపోయింది, ఎలక్ట్రానిక్స్ ఎక్కువ ఉన్న బండ్లకి ముప్పావుగంట పైన కూడా పట్టొచ్చు. కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అంకె మెట్లు మెట్లుగా దిగుతూ వచ్చి 0.61 దగ్గర ఆగింది. ఇంకో పావుగంట చూసినా అక్కడే.

మామూలుగా 0.02 నుంచి 0.05 ఆంపియర్ల వరకూ పోవడం సహజం, గడియారం, స్టీరియో మెమరీ, కంప్యూటర్ మెమరీ బతకాలి కదా. నాది ఆ 0.05కే పన్నెండు రెట్లు. 0.61ని 24 గంటలతో గుణిస్తే రోజుకి దాదాపు 14.6 ఆంపియర్ అవర్లు. 45 ఉన్న బ్యాటరీలో రోజుకి మూడో వంతు! రెండున్నర రోజులకి 36కి పైగా పోయినట్టు. సోమవారం పొద్దుటి లెక్క కాగితం మీద అచ్చంగా సరిపోయింది. రోజూ తిప్పితే ఎందుకు బయటపడలేదో కూడా అర్థమైంది, రాత్రి పోయింది పగలు కొంత నిండేది.

ఇక్కడే ఒక పొరపాటు చేశాను, చెప్పకుండా ఉండలేను. మధ్యలో బ్యాటరీ వోల్టేజీ చూద్దామని సెలెక్టర్ మాత్రం వోల్టుల వైపు తిప్పి, ఎర్ర లీడుని 10ఏ రంధ్రంలోంచి తీయకుండానే పిన్నులు రెండు టెర్మినళ్ల మీద పెట్టేశాను. ఆ రంధ్రంలో లీడు ఉన్నంతసేపు మీటర్ దాదాపు ఒక ఉత్త వైరు ముక్కతో సమానం, అంటే బ్యాటరీని నేరుగా షార్ట్ చేసినట్టే. ఠప్పున మెరుపు, పిన్ను కొన కరిగింది, మీటర్ లోపలి ఫ్యూజు పోయింది. ఫ్యూజు ఉన్న మీటర్ కాబట్టి సరిపోయింది. చార్జ్ అయిన బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉంటుంది, అక్కడ మెరుపు పుట్టడం చిన్న విషయం కాదు. ఆ రోజు నుంచి ఆంపియర్లు కొలవడం కాగానే లీడు మార్చి తర్వాతే మిగతా పని. ఇదే కారణంతో మీటర్ మధ్యలో ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకూడదు, సెల్ఫ్ మోటార్ వంద ఆంపియర్ల పైన లాగుతుంది.

మీటర్‌కి కొత్త ఫ్యూజు వేసి మర్నాడు మళ్లీ మొదలుపెట్టాను. ఒక్కో ఫ్యూజు పీకడం, అంకె చూడటం, మళ్లీ అక్కడే పెట్టడం. పీకేముందు ఫోన్‌తో ఫ్యూజు బాక్సు ఫొటో తీసుకుంటే ఏది ఎక్కడిదో అయోమయం ఉండదు. హార్న్, ఏమీ లేదు. వైపర్, ఏమీ లేదు. కంప్యూటర్ మెమరీది పీకితే 0.01 తగ్గింది, అది న్యాయమైన ఖర్చే. పదకొండో ఫ్యూజు రూమ్ లైటు అని రాసి ఉన్నది. అది లాగగానే 0.61 నుంచి ఒక్కసారిగా 0.17కి పడిపోయింది. చీకట్లో తడుముకుంటున్నవాడికి గోడ చేతికి తగిలినట్టయింది.

ఫ్యూజు దొరికితే దొంగ దొరికినట్టు కాదు, దొంగ ఉన్న వీధి దొరికినట్టు. నా బండిలో ఆ ఒక్క ఫ్యూజు మీద రూమ్ లైటు, గడియారం, స్టీరియో మెమరీ, డ్యాష్ కింద సామాను పెట్టెలో బుల్బు, డిక్కీ లైటు ఉన్నాయి. అందరికీ మొదటి అనుమానం స్టీరియో మీదే ఉంటుంది, నాకూ అంతే, అది బండితో వచ్చింది కాదు, తర్వాత బయట పెట్టించింది. బయట పెట్టిన స్టీరియోలో ఎప్పుడూ కరెంటు ఉండాల్సిన పసుపు వైరు, తాళం తిప్పితేనే రావాల్సిన ఎర్ర వైరు రెండూ కలిపి ఒకే చోట ముడేస్తే అది ఎప్పటికీ నిద్రపోదు. గంటన్నర కష్టపడి దాన్ని బయటికి లాగి కప్లర్ పీకితే తగ్గింది 0.01. వైరింగ్ సరిగ్గానే ఉంది. పెట్టినవాళ్లని అనవసరంగా అనుమానించాను. సామాను పెట్టె బుల్బు ఎప్పుడో మాడిపోయి ఉంది. రూమ్ లైటు వెలగడం లేదని కంటికే కనబడుతోంది.

మిగిలింది డిక్కీ. డిక్కీ మూసి ఉన్నప్పుడు లైటు వెలుగుతోందో లేదో ఎలా చూడాలి? ఫోన్‌లో వీడియో ఆన్ చేసి లోపల పెట్టి మూత వేశాను, అర నిమిషం తర్వాత తీసి చూశాను. మూత పడ్డాక కూడా వీడియోలో స్టెప్నీ, జాకీ, పాత గుడ్డలు అన్నీ తేటగా కనబడుతున్నాయి. లైటు ఆరనే లేదు. బుల్బు మీది ప్లాస్టిక్ మూత మధ్యలో గోధుమ రంగులోకి తిరిగి ఉంది, ఎన్ని వారాలుగా రాత్రీ పగలూ వెలుగుతోందో. 5 వాట్ల బుల్బు అది. 5ని 12తో భాగిస్తే 0.42. ఆ బుల్బు పీకితే మీటర్ సరిగ్గా అంతే దిగింది. అంత చిన్న బుల్బు కారుని ఆపేయగలదని నేను ఎన్నడూ అనుకోలేదు.

స్విచ్ పోయిందనుకున్నాను. మూత పడినప్పుడు నొక్కుకునే చిన్న పిన్ను స్విచ్ అది. దాని కప్లర్ పూర్తిగా పీకేసినా లైటు వెలుగుతూనే ఉంది! స్విచ్ లేకుండా లైటెలా వెలుగుతుందని బుర్ర బద్దలుకొట్టుకున్నాక తట్టింది. ఇలాంటి లైట్లకి చాలా పాత బండ్లలో పాజిటివ్ ఎప్పుడూ వచ్చి ఉంటుంది, స్విచ్ చేసే పనల్లా ఎర్త్ కలపడం. అంటే స్విచ్‌కి వెళ్లే వైరు మధ్యలో ఎక్కడైనా బాడీ ఇనుముకి తగిలిందంటే చాలు, స్విచ్ నొక్కినా నొక్కకపోయినా ఒకటే. ఫ్యూజు ఎందుకు పోలేదో కూడా అప్పుడే అర్థమైంది, మధ్యలో బుల్బు ఉంది కాబట్టి అది షార్ట్‌లా కాకుండా మామూలు లైటు ఖర్చులాగే కనబడుతుంది.

వైరు తగలడానికి అనువైన చోటు డిక్కీ మూత మడతబందు. మూత తెరిచినప్పుడల్లా, మూసినప్పుడల్లా అక్కడ వైర్లు వంగుతాయి, ఇరవై ఏళ్లలో ఎన్ని వేల సార్లో. అక్కడి రబ్బరు గొట్టం గట్టిపడి చీలిపోయింది. లోపల గుడ్డ టేపు కోసి చూస్తే నాలుగు వైర్లలో ఒకదాని పైపొర మొత్తం పోయి, రాగి పచ్చగా మారి, మడతబందు అంచుకి ఆనుకుని ఉంది. ఇంకో వైరు కూడా పగుళ్లిచ్చింది, అది ఇంకా తెగలేదు కానీ ఎక్కువ రోజులు పట్టేది కాదు. తలుపుల దగ్గర, డిక్కీ దగ్గర వైర్లు వంగే చోట్లని పాత బండి ఉన్నవాళ్లు ఏ ఇబ్బందీ లేకపోయినా ఒకసారి చూసుకోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

అక్కడ ఉత్త ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేస్తే ఏడాదిలో జిగురు కారిపోయి మళ్లీ మొదటికొస్తుంది. టంకం వేసిన చోట వైరు బిరుసుగా అవుతుంది కాబట్టి వంగే చోట అతుకు ఉండకూడదు. అందుకని రెండు వైర్లూ పొడవుగా కోసేసి, కొత్త మెత్తని వైరు ముక్క వేసి, అతుకులు మడతబందుకి అటూ ఇటూ వైరు వంగని చోట్ల పడేలా చూసుకున్నాను. వేడి చేస్తే బిగుసుకునే గొట్టం తొడిగి, వంపులో కాస్త వదులు ఉంచి, కొత్త రబ్బరు వేశాను.

ఫ్యూజులన్నీ పెట్టి, బుల్బు పెట్టి, డిక్కీ మూసి ఇరవై నిమిషాలు ఆగి చూస్తే 0.19. చాలా తగ్గింది. ఇంట్లోవాళ్లు ఇక చాల్లే అన్నారు, నాకూ నడుము పట్టేసింది. కానీ లెక్క వదల్లేదు, 0.19 అంటే రోజుకి నాలుగున్నర ఆంపియర్ అవర్లు, ఐదు రోజులకి సగం బ్యాటరీ. ఒక వారం ఊరెళ్లొస్తే మళ్లీ అదే కథ. సగానికి పైగా దిగిన స్థితిలో మాటిమాటికీ ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి కొత్త బ్యాటరీ కూడా తొందరగానే చచ్చిపోతుంది. అందుకని తర్వాతి ఆదివారం మళ్లీ దిగాను.

ఈసారి ఒక్కో ఫ్యూజు పీకుతూ తిరిగి పెట్టకుండా అన్నీ బయట పెట్టాను. లోపలి బాక్సు ఖాళీ, బానెట్ కింద బాక్సు ఖాళీ, రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్‌లు) కూడా తీసేశాను. మీటర్ మీద 0.16. ఒక్క ఫ్యూజు కూడా లేని బండిలో కరెంటు ఎటు పోతోంది? మీటరే తప్పు చెబుతోందేమోనని లీడులు తీసి మళ్లీ పెట్టి చూశాను, మారలేదు.

నాకు తెలిసిన ఒక పెద్దాయన ఉన్నారు, బళ్ల వైరింగ్ పనిలోనే తల నెరిసిన మనిషి. ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఆయన అంతా విని, "ఫ్యూజుల బాక్సులోకి పోకుండా బ్యాటరీ నుంచి నేరుగా పోయే వైర్లు ఎన్ని ఉన్నాయి బాబూ?" అని అడిగారు. సెల్ఫ్ మోటార్‌కి ఒకటి అన్నాను. "ఇంకోటి?" అన్నారు. ఆల్టర్నేటర్‌కి అన్నాను. కాసేపు ఊరుకుని, "రేడియో పెట్టినప్పుడు ఇంజన్‌తో పాటు ఏమన్నా ఈల వేస్తుందా?" అని అడిగారు.

నిజంగా ఒళ్లు ఝల్లుమంది. ఏడాదిగా రేడియోలో సన్నని ఈల వస్తోంది, ఆక్సిలరేటర్ తొక్కితే దాని శ్రుతి పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. స్పీకర్లు పాతబడ్డాయనుకున్నాను. ఆయన చెప్పింది ఇది: ఆల్టర్నేటర్‌లో పుట్టేది అటూ ఇటూ దిశ మారే ఏసీ కరెంటు, లోపల ఉండే డయోడ్లు దాన్ని ఒకే దిశలో పారే డీసీగా మారుస్తాయి. ఆ డయోడ్లే ఇంజన్ ఆగినప్పుడు బ్యాటరీ కరెంటు వెనక్కి ఆల్టర్నేటర్‌లోకి పారకుండా అడ్డుపడతాయి. అవి దెబ్బతింటే రెండు పనులూ చెడతాయి. నడిచేటప్పుడు డీసీలో ఏసీ అల కలుస్తుంది, రేడియోలో ఈల అదే. ఆగినప్పుడు కరెంటు వెనక్కి కారుతుంది. ఆ లావు వైరు ఫ్యూజు బాక్సు మొహం చూడదు కాబట్టి ఎన్ని ఫ్యూజులు పీకినా దొరకదు.

ఇంజన్ స్టార్ట్ చేసి, హెడ్‌లైట్లు వేసి, మీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి బ్యాటరీ మీదే కొలిచాను. బాగున్న ఆల్టర్నేటర్‌కి 0.1 లోపు ఉండాలి. నాది 0.6. డీసీలో చూస్తే మాత్రం అదే 14.0, ఏమీ తెలియనట్టు అమాయకంగా. ఒక డయోడ్ చెడినా తక్కువ లోడు మీద వోల్టేజీ మామూలుగానే కనబడొచ్చు, అందుకే ఇన్నాళ్లూ తప్పించుకుంది. ఇంజన్ ఆపి, నెగటివ్ కేబుల్ తీసి, ఆల్టర్నేటర్ వెనక బీ ప్లస్ నట్టు విప్పి, ఆ వైరు కొనకి బాగా టేపు చుట్టి పక్కకి కట్టాను. నెగటివ్ తీయకుండా ఆ నట్టు జోలికి వెళ్లొద్దు, అందులో ఎప్పుడూ నేరుగా బ్యాటరీ కరెంటు ఉంటుంది. ఫ్యూజులన్నీ మళ్లీ పెట్టి, మీటర్ కలిపి, ఇరవై నిమిషాలు. 0.03.

మా తమ్ముణ్ణి పిలిచి చూపించాను. వాడికి ఆ అంకెలో ఏముందో అర్థం కాలేదు కానీ నా మొహం చూసి వాడూ నవ్వాడు.

ఆల్టర్నేటర్ విప్పి పెద్దాయన దగ్గరికే తీసుకెళ్లాను. డయోడ్లు బిగించి ఉండే ప్లేటుని విడదీసి, నా ఎదురుగానే మీటర్‌ని డయోడ్ గుర్తు మీద పెట్టి ఒక్కోదాన్నీ రెండు వైపులా తాకించి చూపించారు. మంచి డయోడ్ ఒకవైపే దారి ఇస్తుంది, రెండో వైపు మీటర్ ఏమీ చూపించదు. ఒక డయోడ్ మాత్రం రెండు వైపులా అంకె చూపించింది. ఎలాగూ విప్పాం కదా అని ప్లేటుతో పాటు అరిగిపోయిన బ్రష్‌లు, చప్పుడు చేయబోతున్న వెనక బేరింగు కూడా మార్చారు. మొత్తం ఆల్టర్నేటర్ కొత్తది వేసుకోమని ఆయన అనలేదు, ప్లేటు ఒక్కటీ మారిస్తే సరిపోయేదానికి అంత ఖర్చెందుకు అన్నారు. అలాంటి చేతులు దొరకడం అదృష్టం.

బిగించాక ఏసీ అల 0.04. రేడియోలో ఈల లేదు, నిశ్శబ్దంగా ఉన్న ఆ రేడియోని కాసేపు ఊరికే వింటూ కూర్చున్నాను. ఆగి ఉన్న బండిలో 0.03, అంటే రోజుకి ఒక ఆంపియర్ అవర్ కూడా కాదు, నెల రోజులు కదపకపోయినా సగానికి పైన మిగలాలి. లెక్క నమ్మకమే కానీ కళ్లారా చూడాలనిపించి, బ్యాటరీ నిండుగా చార్జ్ చేసి పదకొండు రోజులు బండిని ముట్టుకోలేదు. పన్నెండో రోజు పొద్దున బానెట్ ఎత్తి మీటర్ పెడితే 12.51. తాళం తిప్పితే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. వెనక కుడివైపు ఇండికేటర్ ఈమధ్య గబగబా కొట్టుకుంటోంది, బుల్బు పోయిందా, ఆ లైటు ఎర్త్ వదులైందా అన్నది వచ్చే ఆదివారం చూడాలి.